కాలేయం సంగతి అందరికీ తెలుసు, తొడల సంగతి నాకు టైలర్ చెప్పాడు

పదేళ్లుగా నా బరువులో పెద్ద మార్పు లేదు. కాటా ఎప్పుడెక్కినా 76కు ఒక కిలో అటో ఇటో చూపించేది. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి, అందులోనూ యాభైకి దగ్గరపడ్డవాడికి, ఆ మాత్రం ఉంటే ఏం కాదులే అనుకునేవాళ్లం. మా ఊళ్లో మందు తాగితే వచ్చే రోగాలంటే కామెర్లు, కడుపులో నీళ్లు చేరడం, రక్తం కక్కుకోవడం. అవేవీ రాలేదు కాబట్టి నా ఒంటికి మందు పడిందనే అందరి లెక్క. కానీ ఆ 76 కిలోల్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది కాటాకు తెలియదు. కండ పోయిన మేరకు కొవ్వు వచ్చి కూర్చుంది, మొత్తం మాత్రం సరిపోయింది. ఆ పోయిన కండను తిరిగి తెచ్చుకోవడానికి పడిన పాట్లు రాస్తున్నా.

నాది బోరు మోటర్ల పని, చండూరు దిక్కు. మోటరు కాలిందంటే చేను దగ్గరికి పోయి పైపులు గుంజాలి, మోటరును పైకి తీయాలి, షాపుకు తెచ్చి కాలిన కాయిళ్లు కోసేసి కొత్త తీగ చుట్టాలి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి మళ్లీ బోర్లోకి దించాలి. మా దిక్కు బోర్లు లోతు, పైపులూ ఎక్కువే. నీళ్లు పడ్డాక రైతు సంతోషంతో క్వార్టర్ ఇప్పించడం ఆనవాయితీ. కూలి కూలే, క్వార్టర్ క్వార్టరే. అలా పదిహేనేళ్లకు పైగా రోజూ రాత్రి ఒక క్వార్టర్, దావత్ ఉంటే ఇంకొంచెం. పొద్దున తాగే అలవాటు లేదు, తాగి పనికి నాగా పెట్టింది లేదు. 2022లో మునుగోడు ఉప ఎన్నిక వచ్చినప్పుడు మా దిక్కు మందుకు కొదవ లేకుండె. నాకు మాత్రం ఎన్నికలు వచ్చినా రాకున్నా ఒకటే లెక్కన నడిచింది.

తేడా మొదట తెలిసింది లెట్రిన్‌లో. చెప్పుకోవడానికి బాగుండదు కానీ ఈ జబ్బు చాలామందికి అక్కడే బయటపడుతుందని తర్వాత డాక్టర్ చెప్పారు. గొంతుక్కూర్చున్నవాణ్ణి లేవాలంటే పక్కనున్న నల్లా పైపు పట్టుకోవాల్సి వచ్చేది. ఆ పైపు గోడలోంచి ఊగడం మొదలైతే క్లాంపు కొట్టించా గానీ ఎందుకు ఊగుతోందని ఆలోచించలేదు. తర్వాత కింద సక్లం ముక్లం పెట్టుకుని తిన్నాక ఒక చెయ్యి నేల మీద, ఇంకో చెయ్యి మోకాలి మీద పెట్టి లేవడం. పల్లెవెలుగు బస్సు మెట్టు ఎక్కేటప్పుడు రాడ్ పట్టుకుని ఒళ్లంతా పైకి గుంజుకోవడం. నొప్పి లేదు. అదే వింత. నొప్పి ఉంటే ఎప్పుడో దవాఖానకు పోయేవాణ్ణి. చేతుల్లో పట్టు కూడా తగ్గలేదు, పానాతో బిగుసుకుపోయిన నట్టు విప్పితే మా పిల్లగాని కంటే నేనే ముందు. అందుకే ఇది బలహీనత అన్న ఆలోచనే రాలేదు.

ఇక మా దిక్కు కాళ్ల గురించి ఎవరు ఏం చెప్పినా జవాబు ఒక్కటే, ఫ్లోరిన్. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ఊళ్లలో ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం. మా అమ్మ కూడా అదే అంది. "మన నీళ్లు గసొంటియి బిడ్డా, నీ ఒక్కనికేనా." మిషన్ భగీరథ నీళ్లు వచ్చి ఏళ్లవుతున్నా పాత నీళ్లు ఒంట్లో ఉన్నాయి కదా అనేది ఆమె వాదన. అందులో అబద్ధం లేదు, ఎముకలో చేరిన ఫ్లోరైడ్ అంత తొందరగా పోదు. కానీ ఫ్లోరైడ్ పట్టేది ఎముకను, కీళ్లను. నడుము, మెడ బిగుసుకుపోతాయి, నొప్పులు పుడతాయి. నా మెడ తిరుగుతోంది, నడుము వంగుతోంది, లేవడమే రావడం లేదు. ఆ తేడా అప్పట్లో మాకెవరికీ పట్టలేదు. ఊరికొక పెద్ద జబ్బు ఉంటే చిన్న జబ్బులన్నీ దాని ఖాతాలోకే పోతాయి.

అసలు సంగతి పట్టుకున్నది మా టైలర్. నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర ఒక సందులో ఉంటాడు, నా పెళ్లి బట్టల నుంచి ఆయనే కుడతాడు. పాత గిరాకీలందరి కొలతలు పొడుగాటి లెక్కల పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు. బామ్మర్ది కొడుకు పెళ్లికి ప్యాంటు గుడ్డ తీసుకుని పోతే టేపు వేసి, పుస్తకం తీసి, కళ్లద్దాలు పైకి జరిపి మళ్లీ టేపు వేశాడు. "నడుము 34 ఉండె, 39 అయింది. అది అందరికీ అయ్యేదే. తొడకాడ ఏందే, 23 ఉన్నది 20 అయింది? పాత కొలతకు కుడితే సంచి లెక్క ఉంటది." పిరుదుల దగ్గర కూడా తగ్గిందని చూపించాడు. పుస్తకంలో పాత కొలత నీలం సిరాతో, దాని కింద కొత్తది పెన్సిల్‌తో రాశాడు. నడుము పెరుగుతూ తొడ తగ్గడం ఇంకో ముగ్గురు నలుగురు గిరాకీల దగ్గర చూశానని, వాళ్లందరూ మన బాపతే అని నవ్వాడు. ఆ నవ్వు నాకు కొంచెం గుచ్చుకుంది. ఇంటికొచ్చి లుంగీ పైకి మడిచి అద్దం ముందు నిలబడి చూసుకున్నా. పొట్ట ముందుకు, కాళ్లు సన్నగా. రోజూ కనిపించేదే, అంతకుముందు చూడలేదంతే.

నల్లగొండలోనే ఒక జనరల్ ఫిజీషియన్ మేడం దగ్గరికి పోయాం. నేను కాళ్ల సంగతి చెబుతుంటే ఆమె నా ముందు ఒక కుర్చీ వేయించి, "చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి" అని ఫోన్‌లో టైమ్ పెట్టారు. మూడోసారికే చెయ్యి దానంతటదే కుర్చీ పట్టుకోబోయింది. మొత్తానికి 17 సెకన్లు పట్టింది. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న లెక్క ప్రకారం 12 సెకన్లు దాటితే కాళ్ల కండరాలు బలహీనపడ్డట్టు అనుమానించాలట. పిక్క చుట్టుకొలత చూశారు, 33 సెంటీమీటర్లు. మగవాళ్లకు 34 కంటే తగ్గకూడదు. చేతి పట్టు చూసే మిషన్ నొక్కిస్తే 31 కిలోలు వచ్చింది, 28 కంటే ఎక్కువే కాబట్టి అది పాస్. మా పానాలు, స్క్రూడ్రైవర్లు చేతులను కాపాడాయి, తొడలను ఎవరూ కాపాడలేదు. మందు వల్ల వచ్చే కండరాల జబ్బు ముందుగా పట్టేది తొడలు, తుంటి, భుజాల దగ్గరి పెద్ద కండరాలనేనట.

రక్తపరీక్షలు, స్కానింగ్ రాశారు. ఫ్లోరిన్ మాట మా ఆవిడ ఎత్తితే కాదనకుండా ఎక్స్‌రే కూడా తీయించారు. ఎముకల్లో ఆ జాడ పెద్దగా లేదు. కాలేయం పరీక్షల్లో ఎస్‌జీఓటీ అనేది ఎస్‌జీపీటీ కంటే రెండింతలకు పైగా ఉంది, గామా జీటీ బాగా ఎక్కువ, ఎర్ర రక్తకణాల సైజు పెరిగింది. ఈ మూడూ కలిసి వస్తే రోగి ఏం చెప్పినా చెప్పకున్నా డాక్టర్‌కు అర్థమవుతుందట. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, ఇంకా ముదరలేదు. విటమిన్ డి బాగా తక్కువ. కండ కరుగుతుంటే సీపీకే అనే పరీక్షలో తెలుస్తుందని ఎక్కడో విన్నా, నాకు అది నార్మల్ వచ్చింది. ఏళ్ల తరబడి మెల్లగా తగ్గే కండకు ఆ పరీక్ష చాలాసార్లు నార్మల్‌గానే వస్తుందని, దాన్ని చూసి సంబరపడొద్దని మేడం అన్నారు. గుండె కూడా కండరమే కాబట్టి ఈసీజీ, ఎకో చేయించారు. అదృష్టం కొద్దీ అవి బాగున్నాయి.

ఎంత తాగుతారని అడిగితే "ఒక్క క్వార్టరే మేడం" అన్నా. ఆమె కాగితం వెనక లెక్క వేసి చూపించారు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అంటే అందులో అసలు ఆల్కహాల్ 77 మిల్లీలీటర్లు, తూకంలో 60 గ్రాములకు పైమాట. ఒక్కో గ్రాముకు 7 కేలరీలు. పప్పుకు, అన్నానికి గ్రాముకు 4, నూనెకు 9. మొత్తం 425 కేలరీలు, అందులో కండకు పనికొచ్చేది సున్నా. కాలేయం ఆల్కహాల్‌ను గంటకు ఏడు నుంచి పది గ్రాముల దాకా మాత్రమే ఖర్చు చేయగలదు. అంటే నేను ఎనిమిదింటికి తాగింది తెల్లవారుజామున గానీ అయిపోదు. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నంతసేపూ శరీరం ముందు దాన్నే కాలుస్తుంది, కొవ్వును పక్కన పెడుతుంది. ఇక్కడ నాకు కొత్తగా తెలిసింది ఏంటంటే, మందు నేరుగా కొవ్వుగా మారేది తక్కువే. మందుతో పాటు తిన్న చికెన్ పకోడీ, వేయించిన పల్లీలు, బోటి ఉంటాయి కదా, వాటి నూనె కాలకుండా మిగిలి పొట్ట దగ్గర చేరుతుంది. పొట్ట మందుదా, స్టఫ్‌దా అని మా దోస్తులు వాదించుకుంటుంటారు. ఇద్దరిదీ.

కండ సంగతి ఇంకో రకం. ఒంట్లో కండ రోజూ కొంత కరుగుతుంది, కొంత కట్టుకుంటుంది. తిన్న ప్రోటీన్, చేసిన పని కలిసి కట్టమని సంకేతం ఇస్తాయి. డాక్టర్లు దాన్ని ఎంటార్ అంటారు. ఆల్కహాల్ ఆ సంకేతాన్నే అణచివేస్తుంది. కరగడం ఎప్పటిలాగే నడుస్తుంది, కట్టడం తగ్గుతుంది. రోజుకు వచ్చే తేడా కంటికి కనపడదు, ఏళ్లు గడిస్తే టైలర్ టేపుకు దొరుకుతుంది. అందులోనూ మొదట సన్నబడేవి బలంగా, వేగంగా లాగే పోగులు. లేవడానికి, మెట్టెక్కడానికి, బరువు ఎత్తడానికి పనికొచ్చేవి అవే. మెల్లగా నడవడానికి పనికొచ్చే పోగులు చాలాకాలం బాగానే ఉంటాయి. అందుకే నేను చేన్లెంట ఎంత దూరమైనా నడిచేవాణ్ణి, లెట్రిన్‌లోంచి లేవలేకపోయేవాణ్ణి. దీర్ఘకాలం ఎక్కువగా తాగేవాళ్లలో 40 నుంచి 60 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ కండరాల జబ్బు ఉంటుందని వైద్యులు చెబుతారు. లివర్ ముదిరిపోయే వాళ్ల కంటే ఈ సంఖ్యే పెద్దది. అయినా దీని గురించి మాట్లాడే మనిషి కనపడడు.

మానేయాలి అన్నారు. ఎలా మానేయాలో కూడా ఆమే చెప్పారు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఇంట్లో మానేస్తే ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి వస్తుంది. "మొండిగా మానేసిండు, సచ్చిండు" అని ఊళ్లో అనుకునే చావుల్లో కొన్ని ఇవే అయి ఉంటాయి. నన్ను కొద్ది రోజులు అడ్మిట్ చేసుకున్నారు. ముందు విటమిన్ బీ1 ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. తాగేవాడి ఒంట్లో బీ1 అడుగంటి ఉంటుంది, ఆ పరిస్థితిలో గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడుకు దెబ్బ. వణుకుకు మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గించారు. నాకు చేతులు వణికాయి, రెండు రాత్రులు నిద్ర లేదు, అంతకు మించి కాలేదు. ఇంటి దగ్గర ప్రయత్నించాలనుకునేవాళ్లు కనీసం 14446కు ఫోన్ చేసి మాట్లాడండి. అది ప్రభుత్వం నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు. మనసు బాగాలేదనిపిస్తే టెలిమానస్ నంబర్ 14416.

ఇంటికొచ్చిన వారంలోనే ఒక పెద్దమనిషి సలహా, "మందు మానినవ్ కదా, కల్లు తాగు, సలువ చేస్తది." చెట్టు నుంచి పొద్దున్నే దించిన తాటికల్లు పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, అందులోనూ నాలుగైదు శాతం ఆల్కహాల్ తయారవుతుంది. అది తాగితే మానేసినట్టు ఎట్లా అవుతుంది? ఇంకా భయపెట్టేది కల్తీ. పాలమూరు దిక్కు కల్లు దొరక్క జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో దవాఖానల పాలైన వార్తలు మనం చదివినవే. అది కల్లు మహత్యం కాదు, అందులో కలిపిన అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్ర మందుల పని. అవి అలవాటైన ఒళ్లు ఒక్కరోజు ఆగినా తట్టుకోదు. చెట్టు కింద కూర్చుని అప్పటికప్పుడు దించిన కల్లు పోసే గౌడ్ అన్నలను ఇందులోకి లాగడం నా ఉద్దేశం కాదు, వాళ్లకూ ఈ కల్తీ వల్ల నష్టమే.

మొదటి నెల పరువు పోయిన నెల. మొహంలో, ఒంట్లో ఉన్న నీరు తగ్గి బుగ్గలు పోయాయి. పొట్ట కొంచెం తగ్గింది, కాళ్లు ఎప్పటిలాగే సన్నం. చూసినవాళ్లంతా, "ఏందన్నా, మానేసి సగమైనవ్, తాగినప్పుడే మంచిగుంటివి" అని ఒకటే మాట. ఎవరికి చెప్పాలి, అప్పుడున్నది కండ కాదు, వాపు అని. షుగరు మీద యావ కూడా విపరీతం. జిలేబీ కనపడితే ఆగలేకపోయేవాణ్ణి. మేడం దానికి మరీ కంగారు పడలేదు, "కొన్ని వారాలు ఉంటుంది, పండ్లు పెట్టండి" అన్నారు. నల్లగొండ జిల్లాలో బత్తాయికి కరువా? గిన్నెలో ఒలిచి పెట్టిన తొనలే నా స్టఫ్ అయ్యాయి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నోరు, చేతులు ఖాళీగా ఉండకూడదు, అంతే. ఆ టైమ్‌లో షాపులో కూర్చుని కాయిళ్లు చుట్టేవాణ్ణి. ఆ నెల నా దగ్గర పెండింగ్ మోటరు ఒక్కటి లేదు.

తిండి దగ్గరే నాకు నిజంగా పని పడింది. మందు తాగే రోజుల్లో రాత్రి అన్నం సరిగ్గా తినేవాణ్ణి కాదు, పొద్దున చాయ్‌తో సరి, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, పలచటి పప్పుచారు. కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలన్నారు, అంటే నాకు 90 గ్రాములు. కిడ్నీలు బాగున్నాయని క్రియాటినిన్ చూశాకే ఆ లెక్క ఇచ్చారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇది చూసి పాటించొద్దు. మా ఆవిడ క్యాలెండర్ వెనక లెక్క రాసింది. గుడ్డుకు 6 గ్రాములు, కాబట్టి పొద్దున మూడు. గ్లాసు పాలకు 8. పచ్చి కందిపప్పు 100 గ్రాముల్లో 22, కానీ అంత పప్పు ఒక మనిషి ఒక రోజులో తినడు, సగమైనా గట్టిపప్పుగా చేయాలి. సాయంత్రం శనగ గుడాలో, బొబ్బర గుడాలో గిన్నెడు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, చికెన్ గానీ మీల్‌మేకర్ కూర గానీ. మీల్‌మేకర్ అంటే మాంసం దొరకని పెళ్లిళ్లలో వేసేదని చిన్నచూపు ఉండేది నాకు, ఎండువి 100 గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుందని తెలిశాక మాట్లాడలేదు. ప్రోటీన్ డబ్బా కొనమని జిమ్ పిల్లలు చెప్పారు. కొనలేదు, అవసరం పడలేదు. విటమిన్ డి వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల మాత్ర, బీ1 రోజూ. డి తక్కువైనా తొడలు బలహీనపడతాయి కాబట్టి నా కాళ్ల సంగతంతా మందు ఖాతాలోనే వేయలేమని మేడం ముందే చెప్పారు.

వ్యాయామం అనగానే నేను నడక అనుకున్నా. ఫిజియోథెరపిస్ట్ పిల్లవాడు నవ్వి, "అంకుల్, మీరు నడుస్తూనే ఉన్నారు కదా, తొడలు పెరిగినయా?" అన్నాడు. నడక గుండెకు మంచిది, పోయిన పోగులు రావాలంటే బరువు మీద పని పడాలి. మొదట ఎత్తు కుర్చీ, దాని మీద రెండు దిండ్లు వేసి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం. అది సులువయ్యాక ఒక దిండు తీసేయడం, తర్వాత రెండోది, తర్వాత పీట. గోడకు వీపు ఆనించి సగం కూర్చున్నట్టు నిలబడితే తొడలు గజగజ వణికేవి. ఒకరోజు చేస్తే ఒకరోజు ఆపాలి, ఆ ఆపిన రోజే కండ కట్టుకునేది. నాకు ఆగడమే కష్టమైంది, పని ఆపితే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది మాకు. చివరికి మా తాత తాలింలో తీసిన బస్కీల దగ్గరికే వచ్చాం. జిమ్‌లో దాన్నే స్క్వాట్ అంటారు, ఫీజు కడితే.

బలం ముందు వచ్చింది, కొలత తర్వాత వచ్చింది. ఇది ఎవరూ చెప్పకపోతే మధ్యలో వదిలేసేవాణ్ణి. రెండు నెలలు దాటినా టేపు మీద తొడ కదల్లేదు, లేవడం మాత్రం సులువైంది. ఉన్న కండనే నరాలు ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటాయట మొదట, కొత్త కండ ఆ తర్వాత. ఒక అమావాస్యకు చెరువుగట్టు పోయాం. జడల రామలింగేశ్వర స్వామి గుట్ట మెట్లు, అమావాస్య రాత్రి జనం ఎట్లుంటారో మా జిల్లా వాళ్లకు చెప్పనవసరం లేదు. ఆపాటికి కొన్నేళ్లుగా నేను ఆటోలో పైకి పోయేవాణ్ణి. ఆసారి మెట్ల మీద పోయాను. తొడల్లో మంట వచ్చింది, నాలుగు చోట్ల కూర్చున్నాను, మా ఆవిడ నా కంటే ముందే పోయి పైన నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. మూడు గుండ్ల సందులో ఒదిగి ఎక్కే చోట కూడా పొట్ట అడ్డం పడింది కానీ కాళ్లు అడ్డం పడలేదు.

మా షాపులో పనిచేసే పిల్లగాడు జిమ్‌కు పోతాడు. వారమంతా గుడ్లు, చికెన్, ఆదివారం సాయంత్రం బరువులెత్తి వచ్చాక దోస్తులతో బీర్లు. వానికి ఒక సంగతి చెప్పా. 2014లో ఆస్ట్రేలియాలో కసరత్తు చేసిన కుర్రాళ్ల మీద ఒక పరిశోధన జరిగింది. కసరత్తు తర్వాత గట్టిగా తాగిస్తే, ప్రోటీన్ ఇచ్చినా కండ కట్టే వేగం 24 శాతం తగ్గింది. ప్రోటీన్ ఇవ్వకపోతే 37 శాతం. "అంటే నా చికెన్ పైసలు సగం పోతున్నయా అన్నా?" అన్నాడు. సగం కాదు, పావు అన్నా. వాడు మానలేదు, జిమ్ శనివారానికి మార్చుకున్నాడు. అది కూడా ఒక తెలివే. వాని జిమ్‌లో ఒంట్లో కొవ్వు, కండ విడివిడిగా చూపించే మిషన్ ఉంటే నేనూ ఎక్కాను. సన్నటి కరెంటును ఒంట్లోంచి పంపి, నీళ్లను బట్టి కండను అంచనా వేస్తుంది. కరెంటు పనివాణ్ణి కదా, దాని మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఎండలో పని చేసి వచ్చి ఎక్కితే ఒక లెక్క, నీళ్లు తాగి రెండు రోజుల తర్వాత పొద్దున ఎక్కితే ఇంకో లెక్క. తాగిన మర్నాడు ఎక్కేవాళ్లయితే ఆ కాగితాన్ని అసలు నమ్మొద్దు. టేపు, కుర్చీ, గడియారం, ఈ మూడింటికీ నేను ఎక్కువ మార్కులేస్తా.

గామా జీటీ కొన్ని వారాల్లోనే దిగింది. ఎర్ర రక్తకణాల సైజు మాత్రం మూడు నాలుగు నెలలు పట్టింది. పాత కణాల ఆయుష్షు 120 రోజులు, అవి పోయి కొత్తవి రావాలి కదా. కుర్చీ పరీక్ష ఇప్పుడు 11 సెకన్లు. తొడ 21న్నర అంగుళాలు, నడుము 36. ఏడాది దాకా పెరుగుతూ పోవచ్చు, పూర్తిగా పాత కొలతకు రాకపోవచ్చు అన్నారు. 36 అంగుళాలంటే 91 సెంటీమీటర్లు, మన దేశపు మగవాళ్లకు 90 దాటకూడదు అంటారు కాబట్టి ఆ ఒక్క సెంటీమీటర్ మీద మా ఆవిడ కన్ను పడింది.

మా బావ సంగతి కూడా చెప్పాలి. ఆయనది నా కంటే ముదిరిన కేసు, లివర్ గట్టిపడింది. కడుపు ఉబ్బి, చేతులు కాళ్లు పుల్లలయ్యాయి. ఇంట్లోవాళ్లు లివర్‌కు బరువవుతుందని పప్పు, గుడ్డు, మాంసం అన్నీ బంద్ పెట్టి గంజి, పండ్లరసం పోశారు. ఆయన్ను కూడా చూసిన డాక్టర్లు అది తప్పన్నారు. లివర్ గట్టిపడ్డవాళ్లకు ప్రోటీన్ తగ్గించకూడదు, కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. రక్తంలో పేరుకునే అమ్మోనియాను లివర్ తీసేయలేనప్పుడు కండరాలే కొంత సర్దుతాయి, ఆ కండ కూడా పోతే మతి మసకబారుతుంది. ఇంకో సంగతి, రాత్రి భోజనానికి, పొద్దున చాయ్‌కి మధ్య ఎక్కువ గంటలు ఖాళీ కడుపుతో ఉంటే వాళ్ల ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. అందుకని పడుకునే ముందు ఆయనకు పాలు, అటుకులు పెడుతున్నారు. నా సలహా విని కాదు, డాక్టర్ చీటీ మీద రాసిచ్చారు కాబట్టి.

నాకు మిగిలింది అరికాళ్ల మంట. రాత్రిపూట తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. చీలమండ మీద కంపించే ఇనుప ఫోర్కు పెట్టి చూస్తే కుడికాలిలో ఆ కంపనం సరిగ్గా తెలియడం లేదు. అది కండ కాదు, నరం. నరం కండ కంటే చాలా మెల్లగా కోలుకుంటుంది, కొంత అలాగే ఉండిపోనూ వచ్చు. చెప్పుల్లేకుండా చేన్లోకి దిగొద్దన్నారు, ముల్లు గుచ్చుకున్నా తెలియదని. బురదలో పని కాబట్టి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కున్నా. బీ1 ఆపొద్దన్నారు, మళ్లీ శ్రావణంలో రమ్మన్నారు.